దాలమ్మ గురించి సాక్ష్యం

ఉల్లిపాయలు పది కేజీలు. సుధారాణి తెల్లవారినప్పటి నుంచి తరుగుతోంది. అమ్మ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ఊళ్ళో మిగతా వాళ్ళు దీన్ని దినం అంటారు. ప్రార్థన మందిరం వాళ్ళు దినం అనకూడదు, జ్ఞాపకార్థ కూడిక అనాలి. పేరు మారింది. నూట ఇరవై మందికి వంట మారలేదు, ఆ వంట ఎవరు చేయాలన్నదీ మారలేదు. ఇన్నాళ్ళూ ఎవరి కూడికకైనా అమ్మే వండింది. తన కూడికకి తను వండుకోలేదు కాబట్టి పని కూతురి మీద పడింది.

కూర్మారావు వచ్చి కూతురి ముందు నిలబడ్డాడు. తెల్ల చొక్కా, తెల్ల పంచె. నిన్న ఆమే ఉతికి నీలం పెట్టింది. చేతిలో మడత పెట్టిన రూళ్ళ కాగితం.

"అయ్యగారు రాసిచ్చినారు. సాక్ష్యం. మజ్జినం కూడికలో సెప్పాల. రెండు సార్లు సదువుకో."

"నేనా?"

"మరింకెవులు? కూతురివి. దగ్గిరుండి సూసినావు. నువ్వు సెప్తేనే జనం నమ్ముతారు." కాగితం ఇవ్వబోయి వెనక్కి తీసుకున్నాడు. "సేతులు కడుక్కుని ముట్టుకో. ఉల్లి కంపు."

ఆమె చేతులు కడుక్కుంది. కాగితం విప్పింది. పాస్టరు భాస్కరరావు గారి గుండ్రటి అక్షరాలు. మా అమ్మ దాలమ్మ తనంతట తానే మందులు విడిచిపెట్టింది. తనంతట తానే ఉపవాసానికి కూర్చుంది. ఉపవాసం విడిచిన రోజు ఆమె ముఖం వెలిగింది. ఆమె జబ్బుతో పోలేదు, ప్రభువు పిలిస్తే వెళ్ళింది. ఇందుకు నేనే సాక్షిని.

"ఇందులో ఒక్కటీ..."

"సదవమన్నాను. తప్పులు దిద్దమన్లేదు." కూర్మారావు గొంతు పెంచలేదు. సంఘ పెద్ద అయినప్పటి నుంచి గొంతు పెంచడం మానేశాడు, అవసరం లేకపోయింది. "ఇది సెప్తే అయ్యగారు ఉత్తరం ఇస్తారు. రేపు పొద్దున్న బస్సుకి టెక్కలి ఎలిపో. సెప్పనంటావా, ఇంట్లో పొయ్యి ఉంది. పొయ్యికాడ ఆడమనిసి లేదు."

అంతే. బేరం అయిపోయింది. టెక్కలిలో ఆమె ఉంటున్నది క్రైస్తవ ఆడపిల్లల హాస్టల్. పది రోజులకు మించి ఊళ్ళో ఉండిపోతే తిరిగి చేర్చుకోవడానికి సంఘ కాపరి ఉత్తరం కావాలి. డిగ్రీ మూడో సంవత్సరం. మార్చిలో పరీక్షలు, ఇంకా ఏడు వారాలు. ఈ సముద్రపు ఒడ్డు ఊరి నుంచి రోజూ టెక్కలి వెళ్ళి రావాలంటే వజ్రపుకొత్తూరు దాకా నడక, అక్కణ్ణుంచి పలాస, అక్కడ ఇంకో బస్సు. పొయ్యి వదిలి వెళ్ళనిచ్చేదెవరు?

ఆమె మళ్ళీ కత్తిపీట ముందు కూర్చుంది. ఉల్లిపాయలు ఒక మేలు చేస్తాయి, ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడగరు. కాగితంలో ఒక్కటే నిజం ఉంది, నేనే సాక్షిని అన్నది. కిందటి దసరా సెలవుల్లో పలాసలో తెల్లారి పాసింజరెక్కించి అమ్మని విశాఖ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది తనే. నాన్నకి ఆ రోజు సంఘంలో పనుంది, ఏ రోజైనా ఉంటుంది. డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, ఈవిడకి చదువొచ్చా అని అడిగి, రాదంటే తనతో చెప్పింది. కిడ్నీలు సగానికి పైగా పోయాయి, మందులు ఒక్క పూట మానకూడదు, ఉప్పు, ఎండు చేపలు, అరటిపళ్ళు వద్దు, కొబ్బరి నీళ్ళు అసలొద్దు. అందులో పొటాషియం ఉంటుంది, ఈ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు, అది పేరుకుంటే గుండె ఆగిపోతుంది. పొటాషియం ఏమిటో సుధారాణికి తెలుసు, రసాయన శాస్త్రం ఆమె సబ్జెక్టు. అమ్మకి తెలీదు. రైల్లో అమ్మ నవ్వింది. "ఉద్దానంలో పుట్టి కొబ్బరి నీళ్ళు తాగొద్దంటే ఎలాగే? ఊపిరి పీల్చొద్దని సెప్పమను." సుధారాణి ఇంటికొచ్చి ఏవి తినకూడదో పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకి అన్నం మెతుకులతో అంటించింది. ఆ ఇంట్లో చదువొచ్చిన రెండో మనిషి నాన్న. ఆయన వంటింట్లోకి రాడు.

జనవరిలో మూడు రోజుల ఉపవాస ప్రార్థన పెట్టారు. ఊళ్ళో కాళ్ళు వాచిన వాళ్ళు ఇంటికొకరు ఉన్నారు, ఆ జబ్బు పోవాలని. అమ్మ పేరు రాయించింది నాన్న. "సంఘ పెద్ద ఇంట్లోంచి ముందు పేరు రాకపోతే సంఘానికి ఏ ముకం సూపిస్తాను?" అన్నాడట. ఆయన పేరు రాయించుకోలేదు, ఆయనకి ఏర్పాట్లు ఉన్నాయి. మూడు రోజులు మాత్రలు లేవు, నీళ్ళు లేవు. సంగతి తెలిసి సుధారాణి మూడో రోజు మధ్యాహ్నం బస్సు దిగి నేరుగా మందిరానికి పరిగెత్తింది. అప్పటికే ఉపవాసం విడిపిస్తున్నారు, ఈ ఊళ్ళో ఎప్పుడూ విడిపించేదానితోనే. నాన్న తన చెట్ల నుంచి నాలుగు గెలల కొబ్బరి బొండాలు దింపించి కానుకగా ఇచ్చాడు. స్టీలు గ్లాసుల్లో పోసి వరసగా అందిస్తున్నాడు. అమ్మ చేతిలో గ్లాసు ఉంది. జీడిపిక్కలు కొట్టి కొట్టి ఆ నూనెకి నల్లగా కాలిపోయిన వేళ్ళు. ఆడవాళ్ళ వెనక కూలబడిన సుధారాణి లేచి నిలబడి, అమ్మకి అది ఇవ్వకూడదు అంది. మందిరం అంతా తిరిగి చూసింది. "కూకో," అన్నాడు నాన్న. "సంఘంలో ఆడది నోరెత్తకూడదు." అయ్యగారు మెల్లగా నవ్వి, "దేవుడు చేసిన నీళ్ళు తల్లీ, విషం కాదు," అన్నారు. అమ్మ కూతురి వంక చూసింది. మూడు రోజుల దాహం. ఏం చేయమంటావన్నట్టు చూసింది.

సుధారాణి కూర్చుంది. జరిగింది అదే. మిగతావన్నీ తర్వాత వెతుక్కున్న సాకులు. అమ్మ ఆ గ్లాసు తాగింది, ఇంకోటి అడిగింది, నాన్న సంతోషంగా ఇంకో రెండు పోశాడు. మర్నాడు పదకొండు గంటలకి పెరట్లో గిన్నెలు తోముతూ పక్కకి ఒరిగిపోయింది.

"అమ్మీ, ఇలాగియ్యి, నాను తరుగుతాను."

బొడ్డమ్మ. పక్క వీధి. అమ్మతో పాటు ఇరవయ్యేళ్ళు పలాసలో ఒకే జీడి బట్టీలో పిక్కలు కొట్టింది. ఇంకో కత్తిపీట తెచ్చుకుని ఎదురుగా కూలబడింది.

"మీ చిన్నాన్నకి కాళ్ళు ఇంకా వాసిపోనాయే. సెప్పులు పట్టడం లేదు. మా కోడలు నవ్వతంది, మావకి ఏనుగు కాళ్ళొచ్చినాయని. దానికి నవ్వులాటగా ఉంది." బొడ్డమ్మ నాలుగు ఉల్లిపాయలు తరిగేదాకా ఆగింది. "సోమవారం నుంచి ఏడు రోజులు ఉపవాసమట. మీ చిన్నాన్న మన్మథరావు పేరు కూడా మీ నాన్న రాసీసినాడు. నాకేటో బయమేస్తంది. ఊళ్ళో ఏటేటో అంటన్నారు. నువ్వు సదువుకున్నదానివి, సూసినదానివి. మీయమ్మ ముకం నిజంగా ఎలిగిందేటే?"

సుధారాణి నోరు తెరిచింది. కాగితం ఒళ్ళో ఉంది. వరండాలో నాన్న తెల్ల చొక్కా కనబడుతోంది.

"ఉల్లిపాయలు చాలవేమో పిన్నీ," అంది.

బొడ్డమ్మ ఆమె వంక ఒక నిమిషం చూసి, తల వంచుకుని తరగడం మొదలెట్టింది.

రెండోసారి. మొదటిసారి కూర్చోమన్నారు కాబట్టి కూర్చుంది. ఇప్పుడెవరూ చెప్పలేదు. తనే కూర్చుంది.

మూడేళ్ళ కిందట కాలేజీలో చేరినప్పుడు బైబిలు రికార్డు పుస్తకాల కింద దాచేది. వెనక బెంచీ కుర్రాళ్ళు ఆమె కనబడగానే "హల్లెలూయా వొచ్చిందిరోయ్," అనేవాళ్ళు. రెండో ఏడాది దాచడం మానేసింది. ధైర్యం వచ్చి కాదు, విసుగొచ్చి. హాస్టల్లో ఒంటరిగా ఉండే చోటు లేదు. తెల్లవారుజామున కుళాయి దగ్గర బకెట్ల వరసలో తన వంతు వచ్చేదాకా నిలబడి, అక్కడే కళ్ళు తెరిచి మనసులో మాట్లాడుకునేది. మందిరంలో దేవుడు నాన్న వైపు కూర్చునేవాడు. నాన్న తాగుడు మానింది అమ్మ ప్రార్థనకి. మానేక ఆయనకి సంఘంలో కుర్చీ వచ్చింది, అమ్మకి చీపురు వచ్చింది. కుళాయి దగ్గర దేవుడికి కుర్చీ లేదు. ఆయన కూడా వరసలోనే ఉన్నాడనిపించేది. అమ్మ పోయాక ఆయనతో మాట్లాడకూడదని పట్టు పట్టింది. నాలుగు రోజులు నిలిచింది ఆ పట్టు. అయిదో రోజు తిట్టడానికి మాట్లాడింది, తిడుతూ తిడుతూ ఒకటి గమనించింది. గ్లాసు అందించింది దేవుడి చెయ్యి కాదు. ఆ చేతికి వాచీ ఉంది. ఆ వాచీ అమ్మ బట్టీ కూలితో కొన్నది.

పన్నెండింటికి అయ్యగారు పలాస నుంచి మోటారు సైకిలు మీద వచ్చారు. ఆయన మోసగాడు కాదు, చిక్కంతా అక్కడే ఉంది. నమ్ముతాడు. అమ్మ సమాధి దగ్గర నిజంగా ఏడ్చాడు.

"వందనాలండి."

"వందనాలు తల్లీ. చదువుకున్నావా కాగితం?" చొక్కా జేబులో తెల్ల కవరు అంచు కనబడుతోంది. ఆయన దాని మీద చెయ్యి వేసి చూపించారు. "ఉత్తరం సిద్ధంగా ఉంది. సాక్ష్యం కాగానే ఇచ్చేస్తాను."

"సంఘంలో ఆడవాళ్ళు మాట్లాడకూడదన్నారు కదండి."

"అది బోధ సంగతి. సాక్ష్యం వేరు."

"ఆ రోజు నేను చెప్పబోయింది సాక్ష్యం కాదాండి?"

ఆయన కవరుని జేబులోకి ఇంకాస్త తోశారు. "ఆ రోజు నువ్వు దేవుడి కార్యాన్ని ఆపబోయావు. నీ మనసులో సందేహం ఉంది తల్లీ. సందేహం కూడా జబ్బే. సోమవారం పద్నాలుగు మంది కూర్చుంటున్నారు. నువ్వొక్కదానివి వంకరగా మాట్లాడితే వాళ్ళ విశ్వాసం ఏమవుతుంది? ఆలోచించు."

ఆలోచించింది. పద్నాలుగు మంది. ఆయన ఆ లెక్క ధైర్యం ఇవ్వడానికి చెప్పాడు.

షామియానా కింద ఎడమ వైపు ఆడవాళ్ళు చాపల మీద, కుడి వైపు మగవాళ్ళు కుర్చీల్లో. పాటలయ్యాయి. వాక్యం అయింది. కూర్మారావు లేచి తన భార్య ఎంత అణకువ గల మనిషో చెప్పాడు. "నా మాటకి ఏ రోజూ ఎదురు సెప్పలేదు," అన్నాడు. జనం స్తోత్రం అన్నారు. తర్వాత అయ్యగారు, "ఇప్పుడు మన సహోదరి సుధారాణి సాక్ష్యం," అన్నారు.

ఆమె మైకు ముందు నిలబడింది. చీర కొంగుకి ఇంకా ఉల్లి వాసన. కాగితం విప్పింది.

"మా అమ్మ దాలమ్మ..." అంది. "మా అమ్మ దాలమ్మ తనంతట తానే..."

అక్కడ ఆగి తల ఎత్తింది. చాపల మీద బొడ్డమ్మ మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. కుడి వైపు రెండో వరసలో మన్మథరావు, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, ఉబ్బిన పాదాలు నేల మీద ఆనించి.

నిజం చెప్పడం మొదలెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. సాక్ష్యం దారి తప్పితే అయ్యగారు చప్పట్లు కొట్టి పాట ఎత్తుకుంటారు. తబలా అందుకుంటుంది, జనం అందుకుంటారు. కిందటేడు ఒకావిడ మొగుడు కొడుతున్నాడని సాక్ష్యంలో చెప్పబోతే మూడు పాటలు పాడారు. ఇప్పుడు కూడా ఆయన చేతులు దగ్గరికి వస్తున్నాయి. తబలా కుర్రాడు ఆయన వైపే చూస్తున్నాడు. సాక్ష్యాన్ని ఆపొచ్చు. ఏడుపుని ఆపొచ్చు. ఈ సంఘంలో ఎవరూ అడ్డుపడకూడనిది ఒక్కటే ఉంది.

ఆమె కాగితం మడిచింది.

"అందరం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుందాం," అంది.

నూట ఇరవై తలలు వంగాయి. ఆడవాళ్ళు కొంగులు తల మీదికి లాక్కున్నారు. అయ్యగారి చేతులు గాలిలో ఆగి, ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆయన కూడా కళ్ళు మూసుకున్నారు. మూసుకోక తప్పదు. ప్రార్థన ఎత్తినవాళ్ళు ఆమెన్ అనేదాకా అది వాళ్ళది.

సుధారాణి కళ్ళు మూసుకోలేదు.

"తండ్రీ, మా అమ్మ నీ దగ్గరుంది. ఆవిడ గురించి నీకు అబద్ధం చెబితే పక్కనుంచి వింటుంది."

"స్తోత్రం," అన్నారు వెనక నుంచి ఎవరో.

"ఆవిడ తనంతట తాను ఉపవాసం కూర్చోలేదు తండ్రీ. మా నాన్న పేరు రాయించాడు."

"అవును తండ్రీ," అంది ఒక ముసలావిడ, అలవాటు కొద్దీ.

"మాత్రలు ఒక్క పూట మానకూడదని డాక్టరు చెప్పింది. మూడు రోజులు మాన్పించారు. కొబ్బరి నీళ్ళు తాగితే గుండె ఆగిపోతుందని చెప్పింది. మూడు గ్లాసులు పోశారు."

"స్తో..." ఆ మాట సగంలో ఆగింది. షామియానా గుడ్డ గాలికి కొట్టుకోవడం వినబడింది.

"ఆమెన్," అన్నాడు కూర్మారావు గట్టిగా.

పక్కవాడు తల ఎత్తబోయి, ప్రార్థన నడుస్తోందని మళ్ళీ వంచుకున్నాడు.

"తండ్రీ, నాకు తెలుసు. అక్కడున్న వాళ్ళలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. లేచి నిలబడ్డాను. కూర్చోమన్నారు, కూర్చున్నాను. గ్లాసు లాగి పారబోయడానికి నాకు చేతులున్నాయి. పారబోయలేదు. పెద్దల మాట విన్నానని చెప్పుకోను. భయపడ్డాను. ఇది నా పాపం, నీ ముందు పెడుతున్నాను. మా నాన్నని క్షమించమని నేను అడగడం లేదు. అది ఆయన అడుక్కోవాలి."

"ఆమెన్!" కూర్మారావు లేచి నిలబడ్డాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆ గుంపులో కళ్ళు తెరిచి ఉన్నది తండ్రీ కూతుళ్ళిద్దరే. "అయిపోనాది. దిగు."

అయ్యగారు కళ్ళు మూసుకునే దగ్గారు. కూర్మారావు ఆయన వైపు చూశాడు. ఆయన తల ఎత్తలేదు. పాట ఎత్తుకోలేదు. ఆయన పట్టుకున్న చేతులు ఇంకా బిగుసుకోవడం సుధారాణి చూసింది. జాలి కలగలేదు.

"సోమవారం పద్నాలుగు మందిని కూర్చోబెడుతున్నారు తండ్రీ. వాళ్ళలో మన్మథరావు చిన్నాన్న ఉన్నాడు. ఆయన్ని ఉపవాసానికి కూర్చోబెట్టకు, రైలెక్కించు. రక్తపరీక్ష చేయించు. తోడు ఎవరూ లేకపోతే నేను వెళ్తాను. ఇలా మాట్లాడినందుకు నాకు ఉత్తరం ఇవ్వరు. హాస్టల్లో రానివ్వరు. పొయ్యి దగ్గరికి పొమ్మంటారు. ఇవాళ వంట అయిపోయింది, మళ్ళీ ఆ పొయ్యి నేను ముట్టించను. బట్టీలో మా అమ్మ జాగా ఖాళీగా ఉంది. పొద్దంతా పిక్కలు కొట్టి పలాసలో ఏ గదిలోనైనా ఉంటాను. పరీక్ష మాత్రం రాస్తాను. అందుకు నువ్వు సాయం చేస్తే మంచిది. చెయ్యకపోయినా రాస్తాను."

చెప్పాల్సింది అయిపోయింది. ఇక ఆ ఒక్క మాట అంటే తలలు లేస్తాయి, తబలా మోగుతుంది, ఎవరో ఏడుస్తున్నారని మంచినీళ్ళు తెస్తారు, విస్తళ్ళు వేస్తారు. ఆమె అనలేదు. మైకు ముందు అలాగే నిలబడింది. నూట ఇరవై మంది తలలు వంచుకుని ఎదురు చూశారు. ఎవరికీ ఏం చేయాలో తెలీలేదు. ఒక బిడ్డ ఏడిస్తే తల్లి కళ్ళు మూసుకునే దాని నోటి మీద చెయ్యి పెట్టింది.

చాపల మీద నుంచి బొడ్డమ్మ లేచింది. కొంగు తల మీద నుంచి జారిపోయింది, సర్దుకోలేదు. మధ్యలో కట్టిన తాడు కింద నుంచి వంగి మగవాళ్ళ వైపు వెళ్ళింది. కుర్చీల మధ్య నుంచి నడిచి మొగుడి భుజం పట్టుకుంది.

"లెగు."

"ఏటే?" మన్మథరావు కళ్ళు తెరవకుండా గుసగుసలాడాడు. "పార్దన అవనేదు. ఆమెన్ అన్నేదింకా."

"అది అనేలోగా సచ్చిపోతావు. లెగు."

"ఎక్కడికి?"

"పలాస. రాత్రికి మా సెల్లి ఇంట్లో తొంగుంటే తెల్లారి బండి అందుద్ది. సుధ వొస్తానంది, ఇన్నేదేటి?"

అతను కళ్ళు తెరిచాడు. సంఘ పెద్ద వంక చూశాడు, అయ్యగారి వంక చూశాడు, చివరికి పెళ్ళాం వంక చూశాడు. లేచాడు. చెప్పుల్లో పాదం పట్టలేదు. బొడ్డమ్మ వంగి చెప్పులు చేత్తో తీసుకుంది. అతను ఆమె భుజం మీద చెయ్యి వేసి ఉత్తి కాళ్ళతో ఇసకలో అడుగులు వేశాడు.

వాళ్ళిద్దరూ షామియానా దాటేదాకా సుధారాణి ఆగింది. తర్వాత ఆమెన్ అంది.